ఒడిశాలో ప్రభుత్వ నర్సు ఉద్యోగం: నోటిఫికేషన్ రాకముందే చూసుకోవాల్సిన కాగితాలు, ఇంటర్వ్యూ సంగతి

ఒడిశా రాయగడ జిల్లా గుణుపూర్ నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఇంట్లో తెలుగే. ఐదో తరగతి వరకు ఊళ్లో ఒడియా బడిలో చదివింది. ఆరు నుంచి పది దాకా పార్వతీపురంలో హాస్టల్లో ఉండి తెలుగు మీడియం, తర్వాత శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్. ఆంధ్రప్రదేశ్ నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ ఉంది. విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేసి, ఇప్పుడు ఇంటికి తిరిగొచ్చింది. ప్రభుత్వంలో నర్స్ ప్రాక్టీషనర్‌గా చేరాలని కోరిక. ఒడిశాలో దరఖాస్తు చేయడానికి అర్హత ఉందా, ఒడియా తడబడితే ఇంటర్వ్యూలో ఏమవుతుంది, పోస్టు ఇప్పిస్తానని డబ్బు అడుగుతున్న మనిషిని నమ్మవచ్చా, చేరాక ఆంధ్రకు బదిలీ దొరుకుతుందా అన్నవి ఆమె సందేహాలు.

అమ్మా, నేను రాయగడ, కోరాపుట్ వైపు ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలా ఏళ్లు నర్సుగా చేశాను. జిల్లా స్థాయిలో కాంట్రాక్టు పోస్టుల ఎంపిక జరిగినప్పుడు నర్సింగ్ తరఫున బోర్డులో కూర్చున్నాను కూడా. మన తెలుగు పిల్లలు చదువులో వెనకబడి ఉద్యోగం పోగొట్టుకోవడం నేను పెద్దగా చూడలేదు. పోయేది కాగితాల దగ్గర. అదీ చివరి తేదీకి వారం ముందు తెలుస్తుంది, అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే ఇంటర్వ్యూ గురించి తర్వాత చెప్తాను, ముందు కాగితాల సంగతి శ్రద్ధగా చదువు.

అంతకంటే ముందు నర్స్ ప్రాక్టీషనర్ అన్న మాట గురించి రెండు ముక్కలు. విదేశాల్లోలాగా సొంతంగా రోగిని చూసి మందు రాసే నర్స్ ప్రాక్టీషనర్ అనే పోస్టుకు మన దగ్గర మామూలుగా నోటిఫికేషన్ రాదు. ఆ పేరుతో ఉన్న చదువులు రెండు. ఒకటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2017లో తెచ్చిన నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్, రెండేళ్ల పీజీ రెసిడెన్సీ. రెండోది నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ, అంటే ప్రసవ సేవలకు. 2018 చివర్లో కేంద్రం మిడ్‌వైఫరీ సేవలకు మార్గదర్శకాలు ఇచ్చింది, ఆ కోర్సు 18 నెలలు. దానికి ఎక్కువగా సర్వీసులో ఉన్న నర్సులనే పంపుతారు. అంటే ముందు నర్సుగా లోపలికి వెళ్లాలి, తర్వాత ఆ దారి తెరుచుకుంటుంది.

నువ్వు కోరుకునే పనికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, అందరూ సీహెచ్‌ఓ అంటారు. సబ్‌సెంటర్‌ను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్‌గా మార్చినప్పుడు వచ్చిన పోస్టు ఇది. 2023 చివర్లో ఆ కేంద్రాల పేరు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అయింది. మైదానంలో 5,000 మందికి, కొండల్లో, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి ఒక కేంద్రం లెక్క. అక్కడ డాక్టరు ఉండడు. రోగి ముందుగా వచ్చేది నీ దగ్గరికే. బీపీ, షుగర్ చూస్తావు, ప్రొటోకాల్‌లో ఉన్న మందులు ఇస్తావు, అవసరమైతే ఈ-సంజీవనిలో డాక్టరుతో మాట్లాడిస్తావు, ఏది పైకి పంపాలో నువ్వే తేల్చుకుంటావు. కేంద్ర మార్గదర్శకాల లెక్కలో నెలకు 25,000 జీతం, పైన పనితీరును బట్టి 15,000 దాకా ప్రోత్సాహకం. రాష్ట్రాన్ని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ అవుతుంది. కానీ అది నేషనల్ హెల్త్ మిషన్ (ఎన్‌హెచ్‌ఎం) కింద కాంట్రాక్టు ఉద్యోగం, ఆ సంగతి తెలిసే చేరాలి.

పర్మనెంట్ కావాలంటే నర్సింగ్ ఆఫీసర్. మునుపు స్టాఫ్ నర్స్ అనేవాళ్లు. ఒడిశాలో ఈ పోస్టులకు ఓఎస్‌ఎస్‌ఎస్‌సీ, అంటే ఒడిశా సబార్డినేట్ స్టాఫ్ సెలెక్షన్ కమిషన్, రాతపరీక్ష పెడుతుంది. 2023లో ఒకేసారి 7,000కు పైగా పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. ఇందులో ఇంటర్వ్యూ లేదు, రాతపరీక్ష మార్కులు, తర్వాత సర్టిఫికెట్ల వెరిఫికేషన్, అంతే. ఇదివరకు చేరిన కొత్తలో ఆరేళ్లు కాంట్రాక్టు మీద ఉంచేవారు. 2022 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ పద్ధతిని తీసేసింది.

కాబట్టి ఇంటర్వ్యూ అనే భయం నీకు అన్ని చోట్లా అక్కర్లేదు. అది ఉండేది ఎక్కువగా జిల్లా స్థాయి కాంట్రాక్టు పోస్టులకు. జిల్లా స్వాస్థ్య సమితి ఇచ్చే ప్రకటనలు, వాక్-ఇన్ పిలుపులు, ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బుపడ్డ పసిబిడ్డల వార్డు), లేబర్ రూములో తాత్కాలిక పోస్టులు, ఇలాంటివి.

ఇక కాగితాలు.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి ఒడియా. చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి అన్న షరతు ఒక్కటే అయితే నువ్వు గట్టెక్కేదానివి. దానికి రుజువు కూడా అడుగుతారు. ఏడో తరగతి లేదా ఆపై పరీక్షలో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలి, లేదా పదో తరగతి ఒడియా మీడియంలో రాసి ఉండాలి, లేదా మిడిల్ ఇంగ్లిష్ (ఎం.ఇ.) స్కూల్ స్థాయి ఒడియా పరీక్ష పాసైన సర్టిఫికెట్ ఉండాలి. నువ్వు ఐదు దాకా ఒడియా చదివావు, ఆరు నుంచి ఆంధ్రలో. అంటే ఏడో తరగతి ఒడియా నీకు లేదు. గుణుపూర్‌లో పుట్టి పెరిగినా, బజారులో గలగలా ఒడియా మాట్లాడినా, కాగితం మీద నీకు ఒడియా రాదు. మన సరిహద్దు జిల్లాల్లో తెలుగు ఇళ్ల పిల్లలకు తరచుగా తగిలే దెబ్బ ఇది. పర్లాకిమిడి నుంచి పాతపట్నం బడికి వెళ్లినవాళ్లు, జయపురం నుంచి సాలూరు, విజయనగరం హాస్టళ్లకు వెళ్లినవాళ్లు, అందరిదీ ఇదే కథ.

దీనికి మందు ఆ మూడో దారి, ఎం.ఇ. స్టాండర్డ్ ఒడియా పరీక్ష. రాష్ట్ర స్కూల్ అండ్ మాస్ ఎడ్యుకేషన్ శాఖ తరఫున జరుగుతుంది. జిల్లా విద్యాధికారి ఆఫీసులో అడిగితే దరఖాస్తు ఎప్పుడు తీసుకుంటారో చెప్తారు. పరీక్ష కష్టమైనది కాదు, ఏడో తరగతి స్థాయి. నీలాగా ఐదు దాకా చదివినదానికి అక్షరాలు మళ్లీ చేతికి ఎక్కడానికి ఎక్కువ కాలం పట్టదు. రోజూ సంబాద్ గానీ సమాజ గానీ, ఏదో ఒక ఒడియా పేపర్లో ఒక పేజీ బిగ్గరగా చదువు, పక్కింటి పిల్లల ఆరో తరగతి, ఏడో తరగతి ఒడియా పుస్తకం తెచ్చుకుని డిక్టేషన్ రాయి. ఈ పరీక్ష ఎప్పుడు పడితే అప్పుడు ఉండదు, ఫలితం రావడానికీ సమయం పడుతుంది. ఉద్యోగ ప్రకటన వచ్చాక దీని కోసం పరిగెత్తితే అందదు. అందుకే ఈ నెలలోనే వెళ్లి అడుగు. వేరే ఏ పని వాయిదా వేసినా ఇది వేయకు.

రెండోది కౌన్సిల్ రిజిస్ట్రేషన్. నీది ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్. ఒడిశా పోస్టులకు ఒడిశా నర్సుల, మిడ్‌వైవ్‌ల కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ అడుగుతారు, అదీ దరఖాస్తు చివరి తేదీ నాటికి చెల్లుబాటులో ఉండాలి. ముందు ఆంధ్ర కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తీసుకోవాలి, దాంతో భువనేశ్వర్‌లో ఇక్కడి కౌన్సిల్‌కు దరఖాస్తు పెట్టాలి. వాళ్లు నీ కాలేజీకి, నీ కౌన్సిల్‌కు రాసి సరిచూసుకుంటారు. కాగితం రెండు రాష్ట్రాల మధ్య తిరగాలి కాబట్టి నెలలు పట్టవచ్చు. నాకు తెలిసిన ఒక అమ్మాయి చాలా తెలివైనది, మార్కులన్నీ డెబ్బై పైనే. ఎన్‌ఓసీ వచ్చింది, ఇక్కడి నంబరు మాత్రం చివరి తేదీ దాటిన తర్వాత చేతికొచ్చింది. వెరిఫికేషన్ బల్ల దగ్గర గుమస్తా రిజిస్ట్రేషన్ తేదీ మీద వేలు పెట్టి, ప్రకటనలో చివరి తేదీ మీద ఇంకో వేలు పెట్టి చూపించాడు. అంతకు మించి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నడిపే నర్సుల జాతీయ రిజిస్టర్ ఎన్‌ఆర్‌టీఎస్‌లో నీ జాతీయ నంబరు లేకపోతే అది కూడా ఇప్పుడే చేయించుకో, ఎన్‌ఓసీ తతంగం దాంతో తేలికవుతుంది. పాత రిజిస్ట్రేషన్ రెన్యువల్ గడువు దాటిందేమో కూడా చూసుకో.

మూడోది పేరు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా ఏడిపిస్తుంది. మన పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక పొడి అక్షరం. ఒడిశా ఫారంలో మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గళ్లు. ఒక్కో దరఖాస్తులో ఒక్కోలా నింపితే వెరిఫికేషన్‌లో నువ్వు ఇద్దరు మనుషులవి అవుతావు. పదో తరగతి మెమోలో ఎలా ఉంటే అదే ప్రమాణం. ఆధార్‌ను దానికి సరిపోయేలా మార్పించు. బీఎస్సీ డిగ్రీలో, కౌన్సిల్ సర్టిఫికెట్లో అక్షరం తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకునే ఆలోచన ఉంటే, ఉద్యోగం వచ్చేదాకా ఆగడం మంచిది.

కులం సర్టిఫికెట్ గురించి నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. ఆంధ్ర తహసీల్దార్ ఇచ్చిన సర్టిఫికెట్ ఒడిశా రిజర్వేషన్‌కు పనికిరాదు. మీ నాన్నగారు గుణుపూర్ వాస్తవ్యులే అయితే ఇక్కడి తహసీల్ నుంచి రెసిడెంట్ సర్టిఫికెట్ తీసుకో. మీ కులం ఒడిశా జాబితాలో ఉంటే ఎస్‌ఈబీసీ (ఇక్కడ బీసీలకు ఆ పేరు) గానీ ఎస్సీ, ఎస్టీ గానీ సర్టిఫికెట్ ఇక్కడే తీసుకో. మో సేవా కేంద్రం నుంచి ఆన్‌లైన్లో పెట్టవచ్చు. ఆంధ్ర నుంచి కోడలిగా వచ్చినవాళ్ల పరిస్థితి వేరు. ఎస్సీ, ఎస్టీ హోదా సొంత రాష్ట్రానికే పరిమితమని సుప్రీంకోర్టు 1990లోనే తేల్చింది. రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ అదే పేరు ఉన్నా వలస వచ్చినవాళ్లకు ఇక్కడ రిజర్వేషన్ రాదు. వాళ్లు జనరల్‌లో రాయాలి. కేంద్ర ఉద్యోగాలకు ఓబీసీ సర్టిఫికెట్ నమూనా కూడా వేరు, దాన్ని విడిగా తీసుకోవాలి.

సీహెచ్‌ఓకు ఇంకొకటి కావాలి. కమ్యూనిటీ హెల్త్‌లో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు ఉంది. కొత్త బీఎస్సీ సిలబస్‌లో ఆ భాగాన్ని కలిపేశారు. నీ బ్యాచ్‌లో కలిసి ఉందో లేదో కాలేజీ ప్రిన్సిపాల్ చేత లెటర్‌హెడ్ మీద రాయించుకో. విశాఖ ఐసీయూ అనుభవానికి సర్టిఫికెట్ ఇంకా తీసుకోకపోతే వెంటనే వెళ్లి తెచ్చుకో. అందులో చేరిన తేదీ, మానిన తేదీ, విభాగం, ఆసుపత్రి పడకల సంఖ్య, నాలుగూ ఉండాలి.

ఒడియా పరీక్ష అయ్యేలోపు ఖాళీగా కూర్చోవాలా అంటే, అక్కర్లేదు. కేంద్ర పోస్టులకు ఒడియా అడగరు. ఎయిమ్స్‌లలో నర్సు పోస్టులకు నార్‌సెట్ అనే ఉమ్మడి పరీక్ష ఉంది, భువనేశ్వర్ ఎయిమ్స్ కూడా అందులోదే. బీఎస్సీ వాళ్లకు అనుభవం షరతు లేదు. జీఎన్‌ఎం డిప్లొమా చదివినవాళ్లకు మాత్రం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. రైల్వేలో కూడా నర్సు పోస్టులు వస్తాయి, అక్కడ చేరేటప్పుడే పేరు నర్సింగ్ సూపరింటెండెంట్. రెండిట్లోనూ మూలవేతనం 44,900 నుంచి మొదలు, రెండిట్లోనూ ఇంటర్వ్యూ లేదు. పోటీ దేశమంతటా ఉంటుంది, అయినా నీ ఐసీయూ చదువు చెడిపోకుండా ఉండడానికి ఆ పరీక్షలు రాస్తూనే ఉండు.

ఇప్పుడు ఇంటర్వ్యూ. జిల్లా బోర్డులో సాధారణంగా నలుగురైదుగురు ఉంటారు. జిల్లా ముఖ్య వైద్యాధికారి (సీడీఎంఓ) గానీ ఆయన తరఫున ఒక అదనపు వైద్యాధికారి (ఏడీఎంఓ) గానీ, ఎన్‌హెచ్‌ఎం జిల్లా ప్రోగ్రాం మేనేజర్, కలెక్టరేట్ నుంచి ఒకరు, నర్సింగ్ నుంచి ఒకరు. ఒక్కొక్కరికీ ఐదు పది నిమిషాల కంటే ఇవ్వలేరు, బయట వరండాలో అంతమంది ఉంటారు. మొదటి ప్రశ్న ఒడియాలోనే వస్తుంది, నీ ఊరు, చదువు, ఎక్కడ చేశావు అని. దానికి జవాబు ఒడియాలోనే చెప్పు, చిన్న చిన్న వాక్యాల్లో. వ్యాకరణం తప్పినా ఎవరూ పట్టించుకోరు. రోగితో మాట్లాడగలవా లేదా అన్నదే వాళ్లకు కావాలి. జర కెతే దిన హెలా (జ్వరం ఎన్ని రోజులైంది) అని అడగగలవా, చెప్పింది అర్థమవుతుందా, అంతే. ఆ తర్వాత వైద్యానికి సంబంధించిన జవాబులు ఇంగ్లిష్ మాటలు కలిపి చెప్పినా పర్వాలేదు, అక్కడున్న డాక్టర్లూ అలాగే మాట్లాడతారు. ఒడియా మాట తట్టకపోతే మౌనంగా ఉండిపోకు, తెలిసిన మాటతో ముందుకు వెళ్లు.

తెలుగు రావడం ఇక్కడ లోపమని అనుకోకు. రాయగడ, గజపతి, గంజాం, కోరాపుట్, మల్కనగిరి ఆసుపత్రుల్లో తెలుగు మాత్రమే తెలిసిన ముసలమ్మలు రోజూ వస్తారు. అడిగినప్పుడు ధైర్యంగా చెప్పు, తెలుగు, ఒడియా రెండూ వచ్చని. సవర గానీ కువి గానీ నాలుగు మాటలు వస్తే అదీ చెప్పు. గుణుపూర్‌లో పెరిగినదానివి, సవర వాళ్ల సంతలో కొన్నీ అమ్మీ ఉంటావు కదా. కొండమీది తల్లి భాషలో నొప్పి ఎక్కడమ్మా అని అడగగలిగే నర్సు ఈ జిల్లాల్లో ఎంత అవసరమో ఆ బోర్డులో కూర్చున్నవాళ్లకు బాగా తెలుసు.

ఇక ప్రశ్నల తీరు. నిర్వచనాలు తక్కువ అడుగుతారు. ఒక సందర్భం చెప్పి నువ్వేం చేస్తావంటారు. నేను తరచుగా అడిగినది ఒకటి చెప్తాను. వానాకాలం, రాత్రి పదకొండు, నువ్వు సబ్‌సెంటర్లో ఒక్కదానివే. ఎనిమిదో నెల గర్భిణిని మంచం మీద మోసుకొచ్చారు, దారిలో ఫిట్స్ వచ్చాయి. ఏం చేస్తావు?

సగం మంది చెప్పే జవాబు, డాక్టరుకు ఫోన్ చేస్తాను, రిఫర్ చేస్తాను. అది తప్పు కాదు, కానీ ఆ బండి వచ్చేలోపు నీ చేతులు ఏం చేస్తాయన్నది అందులో లేదు. మంచి జవాబు వరసగా నడుస్తుంది. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతాను, నోట్లో నురగ, వాంతి తుడుస్తాను, పళ్ల మధ్య చెంచా పెట్టనివ్వను. సాయం వచ్చిన మనిషి చేత 108కు ఫోన్ చేయిస్తాను. బీపీ చూస్తాను, ఊపిరి లెక్కపెడతాను. ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ 50 శాతం ఆంప్యూళ్లు తీస్తాను, ఒక్కోదాంట్లో 2 మి.లీ., అంటే 1 గ్రాము. ఐదు ఆంప్యూళ్లు ఒక పిరుదులో, ఐదు రెండో పిరుదులో, లోతుగా కండలోకి, మొత్తం 10 గ్రాములు. ఒళ్లు వేడెక్కినట్టుంటుందని ముందే చెప్తాను. ఏ మందు, ఎంత, ఏ టైముకు ఇచ్చానో రిఫరల్ చీటీలో రాస్తాను, పైన ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్తాను, వీలైతే బండిలో వెంట వెళ్తాను.

ఇలా చెప్పిన ఒక అమ్మాయి నాకు బాగా గుర్తుంది. మాట్లాడుతున్నంతసేపూ చేతులు గాల్లో ఆంప్యూల్ మెడ విరుస్తున్నట్టు కదులుతున్నాయి. ఒడియా నీకంటే తక్కువే వచ్చు ఆమెకు. డాక్టరుగారు వెంటనే రెండో ప్రశ్న వేశారు, మళ్లీ డోసు ఇవ్వాలంటే ఏం చూడాలి అని. ఊపిరి నిమిషానికి 16 కంటే తగ్గకూడదు, మూత్రం గంటకు 30 మి.లీ. తగ్గకూడదు, మోకాలి రిఫ్లెక్స్ ఉండాలి, విరుగుడుకు కాల్షియం గ్లూకోనేట్ పక్కన పెట్టుకోవాలి అంది. ఇంకేమీ అడగలేదు ఆయన.

నువ్వు ఐసీయూ నుంచి వస్తున్నావు. వెంటిలేటర్, ఏబీజీ (రక్తంలో వాయువుల పరీక్ష) బాగా వచ్చి ఉంటాయి. కానీ ఇక్కడ అడిగేది ప్రసవం, పసిబిడ్డ, మలేరియా, పాముకాటు. వీటిని మళ్లీ చదువు. ప్రసవం కాగానే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండకు ఎప్పుడివ్వాలి, బిడ్డ ఏడవకపోతే మొదటి నిమిషంలో ఏం చేయాలి, పుట్టిన రోజు వేసే టీకాలు మూడూ ఏవి, తెరిచిన బీసీజీ సీసా నాలుగు గంటలు దాటితే ఎందుకు పారేయాలి, టీకాలు దాచే ఫ్రిజ్ ఐఎల్‌ఆర్‌లో ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీలు ఎందుకు ఉండాలి. మలేరియాలో ఆర్డీటీ (అక్కడికక్కడే చేసే రక్తపరీక్ష) కిట్ గీతలు చదవడం రావాలి. వైవాక్స్ రకం మలేరియాకు క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. గర్భిణికీ, ఏడాది లోపు బిడ్డకూ ప్రైమాక్విన్ ఇవ్వకూడదు. ఒడిశా 2017లో మొదలుపెట్టిన దమన్ కార్యక్రమం గురించి తప్పకుండా అడుగుతారు. దారి లేని ఊళ్లకు వెళ్లి జ్వరం లేనివాళ్ల రక్తం కూడా పరీక్షించి, లోపల దాగిన మలేరియాను పట్టుకోవడం అందులో ముఖ్యం. ఒంట్లో పరాన్నజీవి ఉండి జ్వరం లేని మనిషి వల్లే ఊళ్లో దోమలకు అది మళ్లీ మళ్లీ అందుతుంది కాబట్టి.

పాముకాటు ప్రశ్నకు కట్టు బిగించను, కోయను, కాలు కదలకుండా ఉంచుతాను అని మొదలుపెట్టు. ఆసుపత్రిలో అయితే శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెట్టి, గడ్డకట్టిందో లేదో చూస్తానని చెప్పు. కట్లపాము కరిస్తే నొప్పి, వాపు ఉండకపోవచ్చు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లారి కడుపునొప్పి అంటూ రెప్పలు వాలిపోతూ వస్తే దాన్ని అనుమానించడం తెలుసుకుని ఉండాలి. కొండ ఊళ్లలో ఇది పుస్తకం సంగతి కాదు, మన కళ్లముందు జరిగేదే.

సికిల్ సెల్, అంటే పుట్టుకతో వచ్చే ఎర్ర రక్తకణాల జబ్బు, అది కూడా చదువు. 2023 జూలై 1న కేంద్రం దీనికి మిషన్ మొదలుపెట్టింది, 2047 కల్లా తొలగించాలన్న లక్ష్యం. మన జిల్లాల్లో ఆ బిడ్డలు ఉన్నారు. కీళ్లనొప్పులతో పదే పదే వచ్చే పిల్లాడిని నొప్పి మాత్ర ఇచ్చి పంపేయకుండా పరీక్షకు పంపాలన్న ఆలోచన నీకు రావాలి. మా గృహ అంటే ఏమిటో తెలుసుకో. దూరపు కొండ ఊళ్ల గర్భిణులు నొప్పులు రాకముందే వచ్చి ఉండడానికి ఆసుపత్రి దగ్గర పెట్టిన ఇళ్లు అవి. ఎందుకు రామంటారు అని బోర్డులో అడిగితే పిల్లల్ని ఎవరు చూస్తారు, మేకల్ని ఎవరు చూస్తారు అన్న వాళ్ల కారణాలు చెప్పగలగాలి. అజ్ఞానం అని ఒక్క మాటలో తేల్చే అభ్యర్థిని నేనెప్పుడూ ఇష్టపడలేదు.

సీహెచ్‌ఓ అయితే కంప్యూటర్ కూడా చూస్తారు. ముప్ఫై ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ లాంటి జబ్బుల ముప్పు అంచనా వేసే సీబీఏసీ ఫారం నింపడం, ఆ జబ్బుల ఎన్‌సీడీ పోర్టల్‌లో ఎక్కించడం, ఆశాలతో పని చేయించుకోవడం అడుగుతారు. మీ ఊరి సబ్‌సెంటర్‌కు వెళ్లి అక్కడి సీహెచ్‌ఓనో ఏఎన్‌ఎమ్మో ఒక రోజు తన పక్కన కూర్చోనిమ్మని అడుగు. రిజిస్టర్లు చూడు, ఆశా సంచిలో ఏ మందులున్నాయో చూడు. ఏ గైడ్ పుస్తకం కన్నా అది ఎక్కువ ఇస్తుంది.

తెలియని ప్రశ్న వస్తే తెలియదు సార్, చదువుకుంటాను అని చెప్పు. డోసు ఊహించి చెప్పకు. తప్పు డోసు ధైర్యంగా చెప్పిన మనిషి రేపు వార్డులోనూ అదే ధైర్యంతో సిరంజి పడుతుందని మాకు భయం వేస్తుంది. కొండ ఊరికి వేస్తే వెళ్తావా అని అడిగితే, నిజంగా వెళ్లగలిగితేనే అవును అను. చేరిన నెలకే పట్నం డ్యూటీ కావాలని తిరిగేవాళ్ల వల్ల ఆ ఊరు మళ్లీ ఖాళీ అవుతుంది, అక్కడి బాలింతలు నష్టపోతారు.

ఆ రోజుకు ఒరిజినళ్లు, రెండు సెట్ల జిరాక్సులు, సెల్ఫ్ అటెస్ట్ చేసినవి, ఫొటోలు పట్టుకెళ్లు. బట్టలు ఏవైనా శుభ్రంగా ఉంటే చాలు, గోళ్లు కత్తిరించుకో.

డబ్బు అడిగే మనిషి గురించి. ఇవ్వకు. ఓఎస్‌ఎస్‌ఎస్‌సీ పరీక్షలో ఎవరూ ఎవరికీ మార్కులు వేయించలేరు. జిల్లా పోస్టుల మెరిట్ లిస్టులో చదువు మార్కులూ పరీక్ష మార్కులూ కలిపి లెక్క వేస్తారు, ఇంటర్వ్యూ వాటా చిన్నదే. నీకు నీ సత్తా మీద ఉద్యోగం వస్తే నేనే వేయించానంటాడు, రాకపోతే వచ్చే నోటిఫికేషన్‌లో చూద్దామంటాడు. ఎటు తిరిగినా డబ్బు అతని దగ్గరే ఉంటుంది. మన వైపు ఇళ్లు పొలం తాకట్టు పెట్టి ఇలా ఇచ్చినవాళ్లు నాకు తెలుసు, తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది. ఇంకో సంగతి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం అని చెప్పి ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీలో చేర్పిస్తారు. అపాయింట్‌మెంట్ కాగితం మీద ఎవరి సంతకం, ఎవరి ముద్ర ఉందో చదివాకే చేరు. ప్రకటనలు జిల్లా వెబ్‌సైట్‌లో, ఎన్‌హెచ్‌ఎం ఒడిశా, ఓఎస్‌ఎస్‌ఎస్‌సీ సైట్లలో వస్తాయి. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌ను ఆ సైట్లో చూసి సరిపోల్చుకోకుండా నమ్మకు.

చివరిగా బదిలీ. ఒడిశా ప్రభుత్వ నర్సుకు ఆంధ్రకు బదిలీ అనే దారి లేదు, ఎన్‌హెచ్‌ఎం కాంట్రాక్టుకూ లేదు. అటు వెళ్లాలంటే ఇక్కడ రాజీనామా చేసి, అక్కడ మళ్లీ పరీక్ష రాసి, కౌన్సిల్ ఎన్‌ఓసీ తిరిగి అటు మార్చుకోవాలి. రైల్వేలో పరస్పర బదిలీలకు కొంత వీలు ఉంటుంది. పెళ్లి సంబంధాలు విశాఖ, శ్రీకాకుళం వైపు చూస్తున్నారని రాశావు కాబట్టి చెప్తున్నాను, ఈ మాట ఇంట్లో ముందే చెప్పు. సీహెచ్‌ఓ అయితే కేంద్రం ఉన్న ఊళ్లోనే ఉండాలి. నర్సింగ్ ఆఫీసర్ అయితే మొదటి పోస్టింగ్ నీ జిల్లాలోనే వస్తుందన్న హామీ లేదు, బాలంగీర్‌లోనో మయూర్‌భంజ్‌లోనో పడవచ్చు. అవతలి కుటుంబానికి కూడా ఇది తెలిసి ఉండాలి.

ఎం.ఇ. ఒడియా పరీక్షకు దరఖాస్తు ఎప్పుడు పెడుతున్నారో కనుక్కుని ఇక్కడే రాయి, ఫారం నింపడంలో అనుమానం ఉంటే చూసి చెప్తాను.